మస్కీకి మోత ఎరా, మౌన ఎరా?

సంపాదకులకు నమస్కారం.

మీ ప్రవాసుల పేజీలో మస్కీ (ఉత్తర అమెరికా సరస్సుల్లో ఉండే పెద్ద వేట చేప) వేట మీద వచ్చిన వ్యాసం మిన్నెసోటా, విస్కాన్సిన్ సరస్సుల దగ్గర ఉండే తెలుగువాళ్లకు పనికొచ్చేదే. కానీ ‘నీళ్లు మసకగా ఉంటే మోత చేసే ఎర, తేటగా ఉంటే మౌనంగా పోయే ఎర’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట పట్టుకుని దుకాణానికి వెళ్తే పెట్టె కృత్రిమ ఎరలతో నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది, చేప మాత్రం పడవ దాకా వచ్చి వెనక్కి పోతుంది. అందుకే ఈ ఉత్తరం.

మస్కీకి నీటి కదలిక ఒక దారిన, చప్పుడు ఇంకో దారిన అందుతాయి. ఒంటి పక్కన సాగే పార్శ్వరేఖ, కింది దవడ మీద ఒక్కో వైపు 6 నుంచి 9 దాకా ఉండే సన్నని రంధ్రాలు నీటి తోపుడును పసిగడతాయి. ఇది దగ్గరి పని. చేప ఒంటి పొడవుకు ఒకటి రెండింతల దూరం దాటితే పెద్దగా అందదు. దూరం నుంచి వినేది లోపలి చెవి. దానికి బాగా వినిపించేది కింది స్థాయి దబదబ శబ్దమే తప్ప, ఎర లోపలి చిన్న ఉక్కు గుండ్లు చేసే సన్నని గలగల కాదు. చేతిలో ఊపి ‘భలే మోగుతోంది’ అనుకుని కొన్న ఎర నీళ్లలో చేప చెవికి అంతగా మోగకపోవచ్చు. గుండ్లున్న ఎరే కావాలంటే, లోపల ఒకే పెద్ద గుండు ఉండి ‘టక్ టక్’మని కొట్టేదాన్ని ఎంచుకోండి.

మరో సంగతి. మౌన ఎర అని అమ్మేవన్నీ మౌనంగా ఉండవు. బుల్‌డాగ్ అనే మెత్తటి రబ్బరు ఎరలో గుండ్లు లేవు, తిరిగే రేకులు లేవు. అయినా దాని పెద్ద తోక ఊపు పార్శ్వరేఖకు గట్టిగానే తగులుతుంది. లాగుతుంటే రేకులు గిరగిరా తిరిగే, వెంట్రుకల తోక ఉన్న బక్‌టెయిల్ ఎర రేకుల్లోనూ తేడాలున్నాయి. గుండ్రటి కొలరాడో రేకు నీటిని బాగా తోస్తుంది, సన్నటి విల్లో రేకు మెరుపు ఎక్కువ, తోపుడు తక్కువ. ఇండియానా రేకు రెంటికీ మధ్య. 10వ నంబరు కొలరాడో రేకులు రెండు కట్టిన బక్‌టెయిల్‌ను లాగాలంటే రీల్ గేరు 5.3:1 (పిడి ఒక్క చుట్టుకు దారం చుట్టే స్పూల్ 5.3 చుట్లు) లాంటి తక్కువ నిష్పత్తిలో ఉండాలి. వేగం రీల్‌తో దాన్ని పొద్దంతా లాగితే మధ్యాహ్నానికి మణికట్టు పోతుంది, లాగుడు మందగిస్తుంది, రేకులు సరిగా తిరగవు. పెద్ద మోత కోసం కొన్న ఎర కాస్తా ఉత్త బరువై కూర్చుంటుంది.

కాబట్టి నీటి రంగు ఒక్కటే చూస్తే చాలదు. ఎర ఎక్కడుందో చేప వెతుక్కోవాలా, లేక చేప ఇప్పటికే చూసి తినాలా వద్దా అని తూకం వేస్తోందా అన్నది అడగాలి. వెతుక్కోవాల్సి వస్తే మోత: టీ డికాక్షన్ రంగు నీళ్లున్న విస్కాన్సిన్‌లోని చిపెవా ఫ్లోయేజ్ జలాశయం, గాలికి అలలు లేచిన రాతి దిబ్బలు, రాత్రి వేళ. చూసి తూకం వేస్తున్న చేపకు మౌనం: నీటిని వడకట్టే జీబ్రా మస్సెల్స్ (చిన్న ఆల్చిప్పలు) వచ్చాక నీళ్లు తేటబడిన మిన్నెసోటాలోని మిన్నెటోంకా సరస్సు లాంటి చోట్లు, రోజూ వందలాది ఎరలు దాటిపోయే దిబ్బలు, చల్లగాలి ఊపు దాటి ఆకాశం తేటపడిన మర్నాడు. మసక నీళ్లలోనైనా ఎర వెనకే మూడు చేపలు వచ్చి ఒక్కటీ నోరు తెరవలేదంటే, అవి ఎరను కనిపెట్టాయి, నచ్చక వదిలేశాయి. అప్పుడు ఇంకా పెద్ద మోత ఎర తీయడం దండగ. అదే చోటికి ఓ గంట ఆగి వచ్చి సూయిక్ లాంటి చెక్క ఎరనో, అటూ ఇటూ జారుతూ పోయే గ్లైడ్ ఎరనో వేయండి.

రాత్రి గురించి వ్యాసంలో ఒక్క మాటా లేదు. చీకట్లో చేప ఎరను చప్పుడును బట్టే వెంటాడుతుంది. నీటి మీద తేలుతూ తోక గిరగిరా తిరిగే ఎరను ఒకే వేగంతో, ఒకే గీతలో లాగాలి. మధ్యలో ఆపి ఆపి లాగితే చేప గురి తప్పుతుంది. ‘ధబ్’మని నీళ్లు చిందగానే రాడ్ ఎత్తేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. శబ్దం విని కాదు, తీగ (గాలపు దారం) మీద బరువు తెలిశాకే గుంజాలి. ఊళ్లో కొర్రమీనుకు రబ్బరు కప్ప వేసినవాళ్లకు ఈ నిగ్రహం అలవాటే, అక్కడా చిందగానే లాగితే కప్ప ఒక్కటే తిరిగొస్తుంది.

కొత్త ఎరలు కొనే ముందు ఉన్నవాటినే మార్చుకోవచ్చు. తోక ఎర నెమ్మది లాగుడుకు తిరగకపోతే, తోక రేకు అంచును పటకారుతో కొద్దిగా వంచండి. ఎక్కువ వంచితే ఎర మొత్తం బొంగరంలా తిరిగి తీగ మెలిపడుతుంది. సూయిక్ వెనక ఉన్న లోహపు రేకును కిందికి వంచితే లోతుకు దిగుతుంది. గుండ్ల ఎరను మౌనం చేయాలంటే గుండ్ల గదికి 1.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ఎరను పొట్ట కిందికి పట్టుకుని, గుండ్లు పొట్టలో చేరాక నాలుగైదు చుక్కల జిగురు పోసి, ఎండాక ఎపాక్సీతో మూసేయాలి. గుండ్లు తోక వైపు అంటుకుంటే ఎర ఊగుడు చచ్చిపోతుంది. జిగురు ఎక్కువైతే తేలే ఎర మునుగుతుంది. మూడు ముళ్ల గాలాలన్నీ తగిలించే తొట్టిలో పరీక్షించండి. వాటి బరువు లేకుండా చూస్తే ఏ ఎరైనా తేలుతుంది! మౌన ఎరకు గాలాలు ఒంటిని కొట్టుకుని టకటకలాడుతుంటే గాలపు కాడకు రబ్బరు గొట్టం ముక్క తొడిగితే సరి.

లాగుడు చివర, వెనకే వచ్చిన చేప కొరికేలా ఎరను పడవ పక్కన నీళ్లలో ఎనిమిది అంకెలా తిప్పేటప్పుడు కూడా ఈ ఎంపిక లెక్కలోకి వస్తుంది. బక్‌టెయిల్‌తో ఇది తేలిక, తిప్పుతున్నంతసేపూ రేకు తిరుగుతూనే ఉంటుంది. గ్లైడ్ ఎరకు తీగ సడలిస్తేనే పక్కకు జారే గుణం వస్తుంది, అందుకే ఎనిమిదిలో అది చచ్చిన కట్టెలా వస్తుంది. మౌన ఎర వేస్తున్నవాళ్లు చివరి రెండు గజాల ముందే దాని వేగం పెంచి నేరుగా మలుపులోకి తీసుకోవాలి. రాడ్ కొన నీళ్లలో ముంచి, తీగ ఓ అడుగు, అడుగున్నర బయట ఉంచి, మొదటి మలుపు వెడల్పుగా తిప్పాలి. చేప 50 అంగుళాలుంటే ఇరుకు మలుపులో అది తిరగలేదు.

ఎర చప్పుడు గురించి ఇంత తర్జనభర్జన పడి, అల్యూమినియం పడవ అడుగున పటకారు జారవిడిచేవాళ్ళే ఎక్కువ. ఎలక్ట్రిక్ మోటారును మాటిమాటికీ ఆపుతూ, మళ్లీ వేస్తూ ఉండకుండా తక్కువ వేగంలో నిలకడగా ఉంచండి. అడుగున ఓ రబ్బరు చాప పరచండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

నీళ్లు 27 డిగ్రీల సెల్సియస్ దాటితే మోత ఎరా లేదు, మౌన ఎరా లేదు, మస్కీ వేట ఆపాలి. అంత వేడిలో పోరాడిన చేప వదిలాక ఈదుకుంటూ వెళ్లినా తర్వాత చనిపోవచ్చు.

చివరగా ఒక సవరణ. ఉంచుకోదగ్గ కనీస పొడవు 40 అంగుళాలని మీ వ్యాసంలో ఉంది. విస్కాన్సిన్‌లో చాలా సరస్సులకు అది సరే, కొన్నిటికి అక్కడా ఎక్కువే. మిన్నెసోటాలో మస్కీకి 54 అంగుళాలు. మిగతా ఉత్తరానికి చోటు లేకపోయినా ఈ అంకె మాత్రం వచ్చే వారం వేయండి. మీ వ్యాసం నమ్మి 45 అంగుళాల చేపను మిన్నెసోటాలో ఇంటికి తీసుకెళ్లినవాళ్లు జరిమానా కట్టాల్సి వస్తుంది.

ఇట్లు,
మిన్నెసోటా నుంచి ఒక పాఠకుడు