పొడి మిషన్ ఇస్తామంటున్నారు, ఆకు ఆరబెట్టే డ్రయ్యర్ ఏదీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల మా ఊళ్లో ఒక దుకాణంలో కరివేపాకు పొడి ప్యాకెట్ కొన్నాను. మా పొదుపు సంఘంలో మేమూ పొడులు చేసి అమ్ముతాం, అందుకని వేరేవాళ్లది ఎలా ఉందో చూద్దామని. విప్పితే పచ్చదనం లేదు, ఎండుగడ్డి రంగు. వేడన్నంలో నెయ్యి వేసి కలుపుకుంటే కారం తెలిసింది, చింతపండు తెలిసింది, వెల్లుల్లి తెలిసింది, కరివేపాకు మాత్రం తెలియలేదు. ఆ ప్యాకెట్ చేసినవాళ్లని తప్పుపట్టడానికి రాయడం లేదండీ. మూడేళ్ల కిందట మా పొడీ అచ్చం అలాగే ఉండేది.

అప్పట్లో మేం డాబా మీద పాత చీరలు పరిచి నడి ఎండలో ఆకు పోసేవాళ్లం. సాయంత్రానికి గలగలలాడేది, పనైపోయిందని సంబరపడేవాళ్లం, ఆకు పసుపు తిరిగిపోతోందని చూస్తూనే పట్టించుకునేవాళ్లం కాదు. కరివేపాకు ఘుమఘుమంతా ఆకులో ఉండే నూనెది, వేడి తగిలేకొద్దీ అది గాలిలో కలిసిపోతుంది. ఆకుకి పచ్చదనం ఇచ్చే పత్రహరితాన్ని, ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్‌ని నేరుగా పడే ఎండ చెడగొడుతుంది. మే నెల డాబా మీద ఈ రెండు నష్టాలూ ఒకేసారి జరుగుతాయి. విటమిన్ సి అంటారా, అది ఎలా ఆరబెట్టినా చాలావరకు పోయేదే, దానికి పచ్చి ఆకే తినాలి.

ఇప్పుడు ఆకు దూసి, రెండు మూడు నీళ్లలో కడిగి, నీళ్లన్నీ ఓడ్చి (తడి నిలిచిన చోటల్లా ఆకు నల్లబడుతుంది), గదిలో నూలు గుడ్డ మీద పలచగా పరిచి ఫ్యాన్ కింద మూడు నాలుగు రోజులు ఆరనిస్తున్నాం. రంగు నిలుస్తోంది, డబ్బా మూత తీయగానే వాసన ముక్కుకి తగులుతోంది. ఆకుగానే దాచి, ఆర్డర్ వచ్చినప్పుడే పొడి కొడుతున్నాం, ముందే కొట్టి పెడితే ఎంత మంచి ఆకైనా వాసన తొందరగా పోతుంది.

వానాకాలం వచ్చేసరికి ఈ పద్ధతి కుదరడం లేదు. మా కోస్తా ఉక్కపోతలో జులై నుంచి నవంబరు దాకా నీడలో పెట్టిన ఆకు వారమైనా మెత్తగానే ఉంటుంది, అడుగున బూజు పడుతుంది. కొందరు అలాంటి ఆకుని నూనెలో వేయించేస్తే సరిపోతుందనుకుంటారు. బూజు వాసన పోతుందేమో గానీ కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ లాంటి విషాలు వంటింటి వేడికి పూర్తిగా పోవు. పోయిన ఆగస్టులో మేం 12 కిలోల ఆకు పారబోశాం. అంత నష్టం తట్టుకోలేని వాళ్లు వాన తెరిపి ఇచ్చిన రోజు చూసుకుని తారురోడ్డు పక్కన ఆరబోసుకుంటున్నారు, దుమ్మూ బండ్ల పొగా అందులోనే. వాళ్లకి ఇంకో చోటేదీ?

దీనికి దారి లేకపోలేదు. ఆకు మీద ఎండ పడకుండా వేడిగాలి మాత్రమే తట్టల గుండా పోయే సోలార్ డ్రయ్యర్లున్నాయి, మబ్బు రోజులకి కరెంటు హీటర్ కూడా ఉన్నవి దొరుకుతాయి. వేడి 50 డిగ్రీల దగ్గర ఉంచుకుంటే రంగూ వాసనా బాగా నిలుస్తాయి. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో యంత్రాలకి 35 శాతం సబ్సిడీ ఉంది, విడిగా యూనిట్ పెట్టుకునేవాళ్లకి 10 లక్షల రూపాయల వరకు ఇస్తారు. మేం అడగడానికి ఒక ఆఫీసుకి వెళ్తే, "పొడి మిషన్ అయితే రాయండమ్మా, డ్రయ్యర్ ఎవరూ అడగరు" అన్నారు. మంచి మిషన్‌లో పాడైన ఆకు వేస్తే వచ్చేది పాడైన పొడే కదా!

మా ప్రాంతంలో పెదవడ్లపూడి, మంగళగిరి వైపు కరివేపాకు తోటలు చాలా ఉన్నాయి. ధర లేని రోజుల్లో కోత కూలి కూడా రాదు. అక్కడ ఊరికొక డ్రయ్యర్ పెట్టి, సంఘాలకీ రైతులకీ కిలోకింత అని అద్దె తీసుకుంటే అమ్ముడుపోని ఆకు కూడా నిల్వ ఉంటుంది. అక్కడే పురుగుమందుల అవశేషాల పరీక్షకి శాంపిల్ తీసే ఏర్పాటు కూడా ఉండాలి. మూడు కిలోల పచ్చి ఆకు ఎండి కిలో అయినప్పుడు, ఆకు మీద మిగిలిన మందు ఆ కిలోలోకే చేరుతుంది. మన దేశం నుంచి వచ్చే కరివేపాకుకి యూరోపియన్ యూనియన్ వాళ్లు సరిహద్దులోనే ఈ తనిఖీ చేస్తున్నారు, ఇక్కడ తినేవాళ్లకీ అంత జాగ్రత్త ఉండాలి కదండీ.

ఇంకొక్కటి. ప్యాకెట్ మీద తయారీ తేదీ వేస్తున్నారు, అది పొడి కొట్టి ప్యాక్ చేసిన రోజు. ఆకు ఎప్పుడు ఎండబెట్టారో, ఎండలోనో నీడలోనో డ్రయ్యర్‌లోనో ఎక్కడా ఉండదు. కరివేపాకు, మునగాకు, మెంతాకు పొడులన్నిటి మీదా ఈ రెండు ముక్కలూ తప్పనిసరి చేయమని ఆహార భద్రత అధికారులని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఈ నెల నుంచి మా సంఘం ప్యాకెట్ల మీద మేం వేస్తున్నాం, స్టిక్కర్‌కి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి