‘తర్వాత’ ఫొటో ఎప్పుడు తీశారు?

సంపాదకులకు నమస్కారం.

నేను దంత వైద్యురాలిని. సొంత క్లినిక్ నడుపుతున్నాను, దానికి ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ కూడా ఉంది. కాబట్టి ఇక్కడ రాసేదంతా ముందు నాకే వర్తిస్తుంది.

కిందటేడు ఒకావిడకి పళ్లు తెల్లబడేందుకు బ్లీచింగ్ చేశాను. అయిపోగానే ఫొటో తీసి, ‘ముందు’, ‘తర్వాత’ అని పక్కపక్కన పెట్టి, ఆవిడ సరేనన్నాకే పేజీలో వేశాం. అంతకుముందు మా పేజీలో దేనికీ రానన్ని లైకులు వచ్చాయి. రెండు వారాలకు ఆవిడే మళ్లీ వచ్చింది. ఒక చేతిలో ఆ ఫొటో తెరిచి ఉన్న ఫోన్, ఇంకో చేతిలో చిన్న అద్దం. “డాక్టరుగారూ, ఇందులో ఉన్నంత తెల్లగా ఇప్పుడు లేవేంటండీ?” అంది. గట్టిగా కూడా అడగలేదు పాపం, తనే సరిగ్గా బ్రష్ చేయడం లేదేమో అన్నట్టు అడిగింది.

తప్పు ఆవిడ బ్రష్‌ది కాదు, నా ఫొటోది. బ్లీచింగ్ జరిగినంతసేపూ పెదాలను పక్కకు లాగి ఉంచుతాం. పళ్లకు లాలాజలం తగలదు. పన్ను పైపొర అయిన ఎనామిల్‌లో తడి ఆరిపోతే పన్ను ఉన్నదానికన్నా తెల్లగా, సుద్దముక్కలా కనిపిస్తుంది. మళ్లీ తడి పట్టాక, ఒకటి రెండు రోజుల్లో, నిజమైన రంగు తేలుతుంది. ఇది దంత వైద్యులకు కొత్త సంగతేమీ కాదు. నాకూ తెలుసు. తెలిసీ ఆ నిమిషంలోనే ఫొటో తీశాను. ఎందుకంటే అప్పుడే అది బాగా వస్తుంది, పైగా పేషెంట్ ఇంకా కుర్చీ దిగలేదు.

దానికితోడు ‘ముందు’ ఫొటో మామూలు గది లైటులో తీసింది, ‘తర్వాత’ ఫొటో రింగ్ లైటులో. ఫోన్ కెమెరా తనంతట తనే రంగులు సర్దేస్తుంది. ఎవరూ ఏమీ దిద్దకుండానే అబద్ధం తయారైపోతుంది. విరుగుడు మన టేబుల్ మీదే ఉంది. పళ్ల రంగు పోల్చడానికి మేం వాడే షేడ్ గైడ్‌లో ఏ1 నుంచి డీ4 దాకా 16 నమూనా పళ్లు వరసగా ఉంటాయి. అందులో ఒకే నమూనాను రెండు ఫొటోల్లోనూ పన్ను పక్కన పట్టుకుంటే చాలు. లైటు మారితే ఆ నమూనా రంగూ మారుతుంది, దొరికిపోతాం. కింద రెండు తేదీలూ వేయాలి. ‘తర్వాత’ అంటే పది నిమిషాల తర్వాతా, రెండు వారాల తర్వాతా అన్నది చూసేవాళ్లకు తెలియాలి కదా.

బ్లీచింగ్ సంగతి నయం, రంగు తగ్గితే తగ్గింది. వెనీర్లు (పన్ను ముందువైపు అతికించే పలుచని రేకులు), క్రౌన్లు (పన్ను మొత్తానికి తొడిగే తొడుగులు) అలా కాదు. పన్ను అరగదీయాలి, అరగదీసిన ఎనామిల్ మళ్లీ పెరగదు. కొన్నేళ్ల కిందట టిక్‌టాక్‌లో ‘టర్కీ టీత్’ అని, టర్కీ వెళ్లి పళ్లు తీర్చిదిద్దించుకునే ఒక ఊపు వచ్చింది. కుర్రవాళ్లు మేకుల్లా అరగదీసిన తమ పళ్లను నవ్వుతూ చూపించారు. వెనీర్లు వేయించుకుంటున్నామనుకున్న వాళ్లలో కొందరికి జరిగింది నిజానికి క్రౌన్ల కోసం చుట్టూ అరగదీయడం. అలాంటి వీడియోలన్నీ మొదటి రోజువే. ఐదో ఏడాది ఫొటో ఏ క్లినిక్ పేజీలోనూ నా కంటపడలేదు, నా పేజీలోనూ లేదు.

ఇక అనుమతి విషయం. నోట్లో దూది, మెడకింద బిబ్, పైన డాక్టరు. ఆ స్థితిలో “ఒక ఫొటో తీసుకోవచ్చా?” అంటే ఎవరు వద్దంటారు? చికిత్సకు సంతకం చేసిన కాగితంలోనే ఫొటోకి కూడా ఒక లైను ఇరికించడం ఇంకా అన్యాయం. ఫొటోకి వేరే కాగితం ఉండాలి, పేషెంట్ కుర్చీ దిగి తీరిగ్గా చదివాక సంతకం చేయాలి, తర్వాత వద్దంటే తీసేయాలి. పళ్లే కదా, మొహం కనబడదు కదా అంటారు. ముందుపళ్ల మధ్య సందు, పెదవి పక్కన పుట్టుమచ్చ చాలు, తెలిసినవాళ్లు గుర్తుపట్టేస్తారు. ఎక్స్‌రే అయితే మరీనూ, మూలన పేరూ వయసూ అచ్చయి ఉంటాయి. కామెంట్లకు జవాబివ్వడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2019లో అమెరికాలో ఒక దంత వైద్యశాల ఆన్‌లైన్ రివ్యూకు జవాబిస్తూ పేషెంట్ వివరాలు బయటపెట్టి 10,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది.

పేజీలు మూసేయమని నేను అనను. పంటి డాక్టరంటే జనానికి భయం, ఆ భయం సగం తెలియకపోవడం వల్లే. మా పేజీ నడిపే కుర్రాడు వారానికి మూడు రీల్స్ కావాలంటాడు, మూడూ ‘మేకోవర్’ అయితే మంచిదంటాడు. అతని పని అతనిది. కానీ మా దగ్గర మనుషులను నిజంగా రప్పించిన వీడియోలో తెల్లటి పన్ను ఒక్కటీ లేదు. 134 డిగ్రీల ఆవిరిలోంచి బయటికొచ్చిన పనిముట్ల కవరు, ఆవిరి తగిలిందని చెప్పేలా దానిమీద రంగు మారిన గుర్తు, పేషెంట్ ఎదుటే ఆ కవరు చింపడం, అంతే. ఫోన్ చేసినవాళ్లు “ఆ కవర్లు చింపే డాక్టరేనా?” అని అడిగేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవాళ్లు దాదాపు 350 కోట్లమంది. వాళ్లకు కావలసింది బ్రష్‌ను చిగురువైపు ఏటవాలుగా ఎలా పట్టుకోవాలి, చిగుళ్లలో రక్తం వస్తే బ్రష్ మానేయకూడదని ఎవరైనా చూపించడం. ఇవి నలభై సెకన్ల వీడియోలో పట్టే సంగతులే.

మా వృత్తి సంఘాలు ఈ ఫొటోలకు ఒక పద్ధతి పెట్టాలి: ఒకే లైటు, పక్కన షేడ్ నమూనా, తేదీలు, విడిగా అనుమతి. మీకూ ఒక మనవి. పత్రికల్లో డబ్బు తీసుకుని వేసే ఆరోగ్య ప్రకటనల్లోనూ ‘ముందు-తర్వాత’ నవ్వులు వస్తున్నాయి. వాటి కిందా తేదీలు అడగండి.

నా పాత పోస్టు తీసేయలేదు. ఆవిడ అనుమతితో, ఈసారి షేడ్ నమూనా పక్కన పెట్టి తీసిన రెండు వారాల నాటి ఫొటోను దాని పక్కన చేర్చాను. లైకులు పదో వంతు కూడా రాలేదు. ఆవిడ మాత్రం పోయిన నెల వాళ్ల చెల్లెల్ని తీసుకొచ్చింది.

ఇట్లు
ఒక దంత వైద్యురాలు
(పేరు ప్రచురించవద్దని మనవి)