గిన్నె ఖాళీగా పంపొద్దు

తిరుపతి

అమ్మణ్ణీ,

నిన్న ఫోన్లో నీ కొడుకు గురించి "ఎంత చేసినా వాడికి లెక్కలేదమ్మా, థాంక్స్ అనే మాటే రాదు" అని బాధపడ్డావు. అప్పుడు నోటికి రానివి ఇప్పుడు రాస్తా ఉండాను.

ముందు నా తప్పు చెప్పాల. వేసవి సెలవుల్లో పక్కింటి పెద్దమ్మ వాడికని గిన్నె నిండా గుంత పొంగణాలు తెచ్చింది. "థాంక్స్ చెప్పు, చెప్పు" అని నలుగురి ముందర నిలదీశాను. బిడ్డ నా చెంగు వెనక దూరాడు. ఒక్కటీ తినలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ ఎప్పుడన్నా ఆ మాట అనిందా? "నీ కడుపు చల్లగుండ" అనేది. కడిగిన గిన్నెలో గుప్పెడు చెనక్కాయలో రెండు మామిడిపండ్లో పెట్టి నా చేతనే పంపేది. ఖాళీగా పంపనిచ్చేది కాదు.

మర్నాడు గిన్నె వాడి చేతికిచ్చి "ఇందులో ఏం పెడదాం నాయనా?" అన్నాను. చాలాసేపు చూసి, తాత వాడి కోసం మాగబెట్టిన బంగినపల్లి పండ్లలో పెద్దది తీసి పెట్టాడు. పరిగెత్తుకుంటా పోయి ఇచ్చొచ్చాడు.

ఆ వారమే కొండకు పోయినాము. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒక్కో హాల్లో వెయ్యి మంది కూర్చుంటారు, అట్లాంటివి నాలుగు. సాంబారు పోసే శ్రీవారి సేవకుణ్ణి "మీకు జీతమెంత?" అనడిగాడు. జీతం లేదు, సేవకొచ్చానన్నాడాయన. కూరగాయలు దాతలు పంపుతారని, 1985 నుంచి ఈ నిత్యాన్నదానం జరగతా ఉందని నేను చెప్పాను. ఆకులో మెతుకు మిగల్చలేదు మనవాడు. కొండ దిగేదాకా ఒకటే ప్రశ్నలు: బస్సు ఎవరు కడుగుతారు, మెట్లెవరు చిమ్ముతారు.

నువ్వు రాత్రిళ్ళు వాడి చేత, థాంక్స్ చెప్పాల్సిన సంగతులు ఐదేసి రాయిస్తున్నావు కదా. ఎమ్మన్స్, మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో అచ్చేసిన పరిశోధనలో ఇట్లా రాయించింది కాలేజీ పిల్లల చేత, పెద్దల చేత. వీడికి ఏడేళ్ళు. రోజూ రాయిస్తే హోంవర్కు అయిపోతుంది. అన్నం తినేటప్పుడు "ఈరోజు నీకెవరు ఏం చేశారు?" అని అడుగు, చాలు. ముందు నీకెవరు చేశారో నువ్వు చెప్పు. పనమ్మాయి పేరు కూడా రావాల అందులో.

పొంగణాల పెనం తమ్ముడితో పంపుతున్నాను. మొదటి వాయ మీ వాచ్‌మన్ తాతకివ్వాలని నాతో చెప్పిపోయాడు వాడు. అడ్డం చెప్పొద్దు.

అమ్మ