చిన్నీ, నలభై ఒకటో ప్రశ్న గురించి

చిన్నీ,

రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే "నిదానంగా రాయలేవా" అని కసిరేశాను. తప్పు నాదే, ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. పరీక్షలో నలభై ఒకటో ప్రశ్నలో "కానిది" అన్న మాట చూడకుండా బబుల్ దిద్దేశానని, దిద్దగానే తెలిసిపోయి గుండె జారిపోయిందని, ఇక ఆ తర్వాత పది ప్రశ్నలూ బుర్రకెక్కలేదని చెప్పావు కదా, అదే రాత్రంతా తలచుకుంటూ పడుకున్నాను.

ఆ గుండె జారడం నీ చేతకానితనం కాదమ్మా. తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి, మనిషి చేత గబగబా మీటలు నొక్కిస్తే, తప్పు మీట నొక్కిన సెకనులో పదో వంతు లోపే ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్తుని గీసే రికార్డులో, ఒక అల కనిపిస్తుంది. 1990ల మొదట్లో జర్మనీలో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం విడివిడిగా దీన్ని పట్టుకున్నారు. మెదడు ముందు వైపు, రెండు సగాల మధ్య లోపలగా ఉండే యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం నుంచి అది ముఖ్యంగా వస్తుందంటారు. నాకు నచ్చిన సంగతి ఏంటంటే, సరైన జవాబు ఏదో తెలియని వాళ్లలో ఆ అల అంత బలంగా రాదు, నేర్చుకునే కొద్దీ పెరుగుతుంది. నీకు ఉలికిపాటు వచ్చిందంటే ఆ పాఠం నీకు వచ్చనే కదా.

పొందూరులో మీ మామ్మ రాట్నం ముందు కూర్చున్నప్పుడు చూశావుగా, నూలు తెగితే మనం గమనించే లోపే ఆవిడ చెయ్యి ఆగిపోయేది. తిట్టుకోవడం ఉండదు, ఏకు అంటించి మళ్లీ తిప్పేది, కాకపోతే మొదటి నాలుగు చుట్లూ కాస్త మెల్లగా. తప్పు చేశాక ఎవరైనా తర్వాతి పని కాస్త నెమ్మదిగా చేస్తారని 1966లోనే ఇంగ్లండులో రాబిట్ అనే ఆయన కొలిచి చూపించాడు. నువ్వేమో వెనకబడిపోయానని టెన్షన్ పడి ఇంకా వేగం పెంచావు, తల నలభై ఒకటి దగ్గర, చెయ్యి నలభై ఐదు దగ్గర.

ఇక ఆ తొందర. కదలడం మొదలైన చేతిని ఆపాలంటే మెదడుకి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది, "ఆగు" అన్న కబురు ఆలస్యమైతే ఎంత తెలివైనవాళ్ల చెయ్యీ ఆగదు. అందుకని బబుల్ దగ్గర ఆపుకుందామనుకోకు, అంతకు ముందే ఆగు, ఆప్షన్లు చూడకముందే "కానిది", "తప్ప" లాంటి మాటల కింద గీత గీసెయ్. అలవాటైన చదువు కన్నుని లాక్కుపోతుంది. 1935లో స్ట్రూప్ అనే మనస్తత్వవేత్త చూపించాడు చూడు, "ఎరుపు" అన్న మాటని ఆకుపచ్చ సిరాతో రాసి సిరా రంగు చెప్పమంటే అందరూ తడబడతారు. పైగా ఇవన్నీ అదుపు చేసే మెదడు ముందుభాగం ఇరవయ్యో పడి సగం దాటేదాకా ఎదుగుతూనే ఉంటుంది, నీకింకా పదిహేడు. ఇది తెలిసి కూడా నేను నిన్ను కసిరాను, అదే బాధ.

ఆదివారం పొద్దున్న బస్సుకి వచ్చి వైజాగ్ కాంప్లెక్స్‌లో దిగుతాను. ఆ పేపర్ చింపెయ్యకు తల్లీ, నలభై ఒకటి నుంచి ఇద్దరం కూర్చుని చేద్దాం.

అమ్మ