ఓటీటీలో ఉంది కదా అంటే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

యానిమే, అంటే జపాన్ బొమ్మల సినిమాలు, సీరియళ్ళ మీద మన పిల్లల మోజు గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు మాటలతో థియేటర్లకు రావడం దగ్గర మొదలుపెట్టి చక్కగా రాశారు. చివరి పేరాతోనే నాకు పేచీ. అన్నీ ఓటీటీలో చౌకగా దొరుకుతున్న రోజుల్లో వేలకు వేలు పోసి విదేశాల నుంచి బ్లూరే డిస్కులు తెప్పించుకోవడం డబ్బున్నవాళ్ళ సరదా అన్నారు. ఆ మాటకు జవాబుగానే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైనా ప్రచురించమని మనవి.

నేను కాకినాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. జంతుశాస్త్రం చెబుతాను. మాది కలిగిన కుటుంబం కాదు. పండక్కి కొనే చీర మానుకుని డిస్కు కొన్న సందర్భాలున్నాయి, అందుకు నాకు ఏ బాధా లేదు. 2004లో యానిమే చూపించే యానిమాక్స్ ఛానల్ మన దేశానికి వచ్చినప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. మా వీధి కేబుల్ ఆయన ఆ ఛానల్ ఇచ్చినంత కాలం రాత్రి భోజనాలయ్యాక అదే నా లోకం. 2017లో ఆ ఛానల్ మన టీవీల నుంచి వెళ్ళిపోయింది. నాకు ప్రాణమైన సీరియళ్ళు దానితోపాటే పోయాయి. మళ్ళీ చూద్దామంటే న్యాయమైన దారి ఒక్కటీ కనిపించలేదు. ఏదైనా మనసుపడి చూస్తే, ఇది ఎవరి చేతిలో ఉంది, ఎన్నాళ్ళు ఉంటుంది అని ఆరా తీయడం అప్పుడే మొదలైంది.

డిస్కులు ఎందుకు మాయమవుతాయో మీ పాఠకులకు చెప్పాలి. జపాన్‌లో తయారైన సీరియల్ హక్కులను అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఒక సంస్థ కొన్నేళ్ళ గడువుకు తీసుకుంటుంది. డిస్కులు అచ్చు వేసుకోవడం, అమ్ముకోవడం ఆ గడువులోనే. గడువు తీరాక పొడిగించుకుంటే సరే. లేకపోతే మిగిలిన సరుకు అమ్ముకోవడానికి కొంత వ్యవధి ఇస్తారు, అంతటితో సరి. కథ ఎంత గొప్పది, ఎందరు ఇష్టపడ్డారు అన్నదానితో నిమిత్తం లేదు. చాలాసార్లు ముందుగా ఎవరూ చెప్పరు కూడా. దుకాణంలో 'ప్రస్తుతం లేదు' అని కనిపించిన మాట ఒకనాటికి 'ఇక రాదు' అవుతుంది. ఆ మర్నాటి నుంచి పాత సరుకు అమ్మేవాళ్ళ దగ్గర ధర రెండింతలు, మూడింతలు పలుకుతుంది. ఆ లాభం కథ రాసినవాళ్ళకూ బొమ్మలు గీసినవాళ్ళకూ ఒక్క పైసా చేరదు. అందుకే తిరిగి అమ్ముకోవడానికి పెట్టెలు పోగేసేవాళ్ళంటే నాకు గౌరవం లేదు. చూడటానికి కొనాలి, అచ్చులో ఉండగానే కొనాలి.

జపాన్ నుంచే నేరుగా తెప్పించుకోవచ్చు కదా అని మా కాలేజీలో అడుగుతారు. అక్కడి పద్ధతి వేరు. ఒక్కో డిస్కులో రెండే భాగాలు వేసి దాదాపు ఏడు వేల యెన్‌లకు అమ్మడం అక్కడ మామూలు. పన్నెండు భాగాల సీరియల్ పూర్తి కావాలంటే ఆరు డిస్కులు కొనాలి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ సాధారణంగా ఉండవు. పెట్టె నడుముకు చుట్టిన సన్నని కాగితపు పట్టీ మీద, ఇది తొలి అచ్చుకే పరిమితమనో ఫలానా తేదీ వరకే తయారు చేస్తామనో రాసి ఉంటుంది. అదే సీరియల్ మొత్తం అమెరికాలో ఒకే పెట్టెలో, అందులో చిన్న వంతు ధరకు వస్తుంది. ఏ డిస్కు ఏ దేశపు ప్లేయర్‌లో ఆడాలో నిర్ణయించే బ్లూరే విభజనలో జపాన్, అమెరికా రెండూ 'ఎ' ప్రాంతంలోనే ఉన్నాయి కాబట్టి ఆ చవక డిస్కులు తిరిగి తమ దేశానికే వచ్చిపడతాయని జపాన్ సంస్థలకు ఎప్పుడూ బెంగ. కొన్ని పెట్టెలు అమెరికాలో కూడా ఖరీదుగా, తక్కువ సంఖ్యలో రావడానికి ఈ బెంగ కూడా ఒక కారణం.

అచ్చు ఆగిపోతే ఏమవుతుందో చెప్పడానికి 1995 నాటి 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' సీరియల్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అమెరికాలో దాన్ని డీవీడీలుగా వేసిన ఏడీవీ ఫిల్మ్స్ 2009లో మూతపడింది. డీవీడీలు అయిపోయాక, అంత పేరున్న సీరియల్‌ను అక్కడ చట్టబద్ధంగా చూసే దారి ఏళ్ళ తరబడి లేకుండా పోయింది. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు అందరూ పండగ చేసుకున్నారు. తీరా చూస్తే ప్రతి భాగం చివరా వచ్చే 'ఫ్లై మీ టు ద మూన్' పాట లేదు. జపాన్ బయటి ప్రేక్షకులకు ఆ పాట హక్కులు తీసుకోలేదు. ఇంగ్లీషు మాటలు కూడా కొత్తగా చెప్పించారు. 2021లో అమెరికాలో బ్లూరే వచ్చింది, అందులోనూ ఆ పాట లేదు. ఆ దేశపు ప్రేక్షకుడు ఆ సీరియల్‌ను ఆ పాటతో సహా చూడాలంటే ఎవరి అల్మారాలోనో మిగిలిన పాత డీవీడీలే గతి. బొమ్మ మసకగానే ఉంటుంది, నిజమే. కానీ పాట ఉంటుంది, తొలిసారి ఇంగ్లీషు మాటలు చెప్పిన కళాకారుల గొంతులుంటాయి. ఓటీటీలో ఉంది కదా అన్నవాళ్ళను నేను అడిగేది ఇదే: ఏ రూపంలో ఉంది?

తప్పుకున్నది ఏడీవీ ఒక్కటే కాదు. జెనియాన్ సంస్థ 2007లో అమెరికాలో డిస్కుల వ్యాపారం మానేసింది. బండాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ 2012లో కొత్త విడుదలలు ఆపేసింది. వాళ్ళు వేసినవాటిలో కొన్నింటిని వేరే సంస్థలు హక్కులు తెచ్చుకుని మళ్ళీ అచ్చు వేశాయి. పాతవాటిని వెతికి బతికించే పనిని డిస్కోటెక్ మీడియా అనే అమెరికా సంస్థ ఎంతో శ్రద్ధగా చేస్తోంది, వాళ్ళకు దండం పెట్టాలి. అలా ఎవరూ ఆదుకోనివీ ఉన్నాయి. 1987లో మొదలై, అయోవా రాష్ట్రంలోని గ్రైమ్స్ అనే చిన్న ఊరి నుంచి అమెరికా అంతటికీ డిస్కులు పంపిన రైట్ స్టఫ్ దుకాణం 2022లో యానిమే ఓటీటీ సంస్థ క్రంచీరోల్ చేతికి వెళ్ళి 2023 అక్టోబరులో మూతపడింది. 2024 మొదట్లో అమెరికాలోని పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ బెస్ట్ బై సినిమా డిస్కుల అమ్మకం మానేసింది. అదే ఏడాది ఏప్రిల్ 2న ఫ్యూనిమేషన్ అనే యానిమే సంస్థ యాప్ ఆగింది. ఆ సంస్థ తన డిస్కులతోపాటు ఒక కోడ్ ఇచ్చేది, దానితో డిజిటల్ కాపీ కూడా మనదయ్యేది. యాప్‌తోపాటే ఆ కాపీలన్నీ పోయాయి, క్రంచీరోల్ యాప్‌లోకి మార్చలేదు. ఒకే డబ్బుకు రెండూ కొన్నవాళ్ళ దగ్గర ఈ రోజు మిగిలింది ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న డిస్కే.

మనవాళ్ళకు ఇంకో చిక్కుంది. భారతదేశం బ్లూరే విభజనలో 'సి' ప్రాంతం. 'ఎ' ప్రాంతానికి కట్టడి చేసిన అమెరికా డిస్కు ఇక్కడ కొన్న ప్లేయర్‌లో పెడితే, ప్రాంతం సరిపోలేదన్న సందేశం తప్ప ఏమీ రాదు. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మగారి అబ్బాయి అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే ప్లేయర్ ఒకటి తెచ్చిపెట్టాడు. అది 110 వోల్టులది. మన కరెంటుకు తట్టుకోవాలంటే వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది మా మెయిన్ రోడ్డులోని ఎలక్ట్రికల్ షాపులో దొరికింది. బ్లూరే కన్నా స్పష్టమైన 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు మాత్రం ఈ ప్రాంతాల గొడవ లేదు. కొరియర్‌లో తెప్పిస్తే డిస్కు ధరకు రవాణా ఖర్చు, మొత్తం మీద కస్టమ్స్ సుంకం, ఆపైన కొరియర్ వాళ్ళ రుసుము తోడై గుండె గుభేలుమంటుంది. కాబట్టి మా అన్నయ్య సెలవులకు వచ్చేదాకా ఆగుతాను. ఇక్కడి నుంచి ఆవకాయ, గోంగూర వెళ్తాయి. అక్కడి నుంచి బట్టల మడతల్లో డిస్కులు వస్తాయి. ఏ పెట్టె ముందుగా తేవాలో చెప్పేటప్పుడు నేను చూసేది ఒక్కటే: దేని హక్కుల గడువు దగ్గరపడిందంటున్నారు? కొత్తవి ఆగుతాయి, పాతవి ఆగవు.

నా దగ్గరున్నవాటిలో నేను ఎక్కువసార్లు చూసినది జపాన్ దర్శకుడు సతోషి కోన్ 1997లో తీసిన 'పర్ఫెక్ట్ బ్లూ'. ఇది పిల్లల సినిమా కాదు, పెద్దలు మాత్రమే చూడాల్సినది. కథానాయిక మీమా గదిలో చిన్న చేపల తొట్టి ఒకటుంటుంది. నా పాఠం చేపలతో ముడిపడినది కావడం వల్లనేమో, నా కన్ను ఎప్పుడూ అటే పోతుంది. చీకటి గదిలో ఆ తొట్టి వెలుగు గోడ మీద పరుచుకుంటుంది. డిస్కులో చూస్తే వెలుగు నుంచి చీకటికి రంగు ఎక్కడా తెగకుండా జారుతుంది, చేత్తో రంగులు వేసిన పారదర్శక షీట్లను ఫిల్ము మీద ఫొటో తీసినప్పుడు పడిన సన్నని రేణువులు కూడా కదులుతూ కనిపిస్తాయి. ఇలాంటి చీకటి దృశ్యాలు మా ఇంటి నెట్ మీద వచ్చినప్పుడు ఆ నునుపు ఉండదు. వెలుగు మెట్లు మెట్లుగా విడిపోతుంది, రేణువులు ముద్దకడతాయి. ఇది భ్రమ కాదు. బ్లూరేలో బొమ్మకు సెకనుకు 40 మెగాబిట్ల సమాచారం దాకా చోటుంది, నెట్ మీద పంపేవాళ్ళు అందులో కొద్ది వంతుకు కుదించి పంపుతారు.

ఇంకా విలువైనది అదే డిస్కులో వెనకాల ఉంది. కోన్ స్వయంగా తన సినిమా గురించి చెప్పిన ఉపన్యాసాలు అందులో చేర్చారు. ఒక దర్శకుడు తన పనిని విప్పి చూపుతుంటే వినడం, పాఠం చెప్పి బతికే నాకు ఎంత ఆనందమో మాటల్లో చెప్పలేను. ఆయన 2010లో, నలభై ఆరేళ్ళకే కన్నుమూశారు. కొత్తగా ఎవరూ ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడించలేరు. ఓటీటీ సంస్థలు సినిమా కొన్నప్పుడు ఇలాంటివి వెంట తీసుకురావడం అరుదు. అచ్చు ఆగితే ఇవీ ఆగుతాయి.

భద్రపరచడం కూడా పనే. మాది సముద్రపు తేమ. డిస్కుకు పెద్దగా ఏమీ కాదు గానీ, పెట్టెతో వచ్చే బొమ్మల పుస్తకాల కాగితం అలలు తేలుతుంది. అందుకని అల్మారాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వాన తగ్గిన రోజుల్లో మారుస్తాను. డిస్కులను నిలబెట్టే ఉంచుతాను, ఒకదాని మీద ఒకటి పేర్చను.

ఇక మన సంగతి. జపాన్‌కు చెందిన యుగో సాకో, కోయిచి ససాకి, మన దేశపు రామ్ మోహన్ కలిసి 1990ల మొదట్లో రామాయణాన్ని యానిమేషన్ సినిమాగా తీశారు. మన కథ, మన దేవుడు. అయినా ఆ సినిమా ఇక్కడి థియేటర్లలో తెలుగు మాటలతో ఆడటానికి 2025 జనవరి 24 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో ముప్ఫై ఏళ్ళు, టీవీలో వేసినప్పుడు చూసినవాళ్ళ జ్ఞాపకాల్లో బతికింది. హంగామా టీవీలో తెలుగు మాట్లాడిన జపాన్ కార్టూన్ పిల్లాడు షిన్‌చాన్‌ను చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. ఆనాటి తెలుగు భాగాలు వరుసగా, పూర్తిగా కావాలంటే ఎక్కడ కొనాలో నాకు ఎవరూ చూపించలేకపోయారు. నా అల్మారాలో ఇంగ్లీషు శబ్దం ఉన్న పెట్టెలున్నాయి, జపనీస్ ఉన్నవి ఉన్నాయి. తెలుగు ఉన్నది ఒక్కటీ లేదు.

సినిమా పోగొట్టుకోవడం అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. హెచ్.ఎం. రెడ్డి తీసిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'కు ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. అప్పట్లో దాచే సాధనాలు లేవు, దాచాలన్న ఆలోచనా తక్కువ. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఈ రోజు తెలుగు డబ్బింగ్ చెబుతున్న కళాకారులు, ఒక అరుపుకు, ఒక నిట్టూర్పుకు సరిపోయే తెలుగు కోసం తంటాలు పడే మాటల రచయితలు ఎంతో పని చేస్తున్నారు. ఆ పనంతా ఒక సంస్థ సర్వర్‌లో, ఒక ఒప్పందం గడువులో ఉంది.

కనుక నా విన్నపం. తెలుగు శబ్దంతో థియేటర్లకు వచ్చిన యానిమే సినిమాలనైనా తెలుగు ట్రాక్‌తో డిస్కులుగా తేవాలి. ఎక్కువ అక్కర్లేదు, ముందుగా డబ్బు కట్టినవాళ్ళకు సరిపడా వేసినా చాలు. జపాన్‌లో ఆ పద్ధతి ఉన్నదే. ఒక ప్రతి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఇవ్వాలి. మీ విలేకరులు హక్కుదారు సంస్థలను కలిసి ఈ విషయం అడగాలని, తెలుగు డబ్బింగ్ చెప్పినవారి పేర్లతో సహా ఒక వార్త రాయాలని కోరుతున్నాను. అలాంటి డిస్కు వస్తుందంటే ముందుగా డబ్బు కట్టడానికి నేను సిద్ధం. మా కాలేజీలోనే ఇంకొందరున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ.