ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్ళకు

శ్రీకాకుళం

ఒరే రమణా,

నీ ఉత్తరం చేరింది. స్విఫ్ట్ కొన్నందుకు సంతోషం. అదీ 2013 మోడలు, పెట్రోలు, వీఎక్స్ఐ! ట్రాక్ మీద కారు తోలే ఈ సరదాకి అంతకంటే మంచి బేరం దొరకదు. అయితే ఉత్తరం చివర్లో ఇంజిన్ కంప్యూటరు సెట్టింగులు మార్చే రీమ్యాప్‌కెంత, పొగని అడ్డులేకుండా వదిలే ఫ్రీ ఫ్లో ఎగ్జాస్టుకెంత, ఇంజిన్ గాలి పీల్చుకునే కోన్ ఫిల్టరుకెంత అని వరసపెట్టి అడిగావే, అక్కడే నీతో నాకు పేచీ. ఆ డబ్బు జేబులోనే ఉంచు. మొదటి ఏడాది ఇంజిన్ జోలికి వెళ్ళకు.

నీ కారు 1197 సీసీ, బలం 87 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి లెక్కే), బరువు 965 కిలోల చుట్టూ. నేర్చుకోవడానికి ఆ శక్తి చాలు. దానికి లేనిది శక్తి కాదు, ఓర్పు. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా ట్రాక్ మీద గట్టిగా తోలితే ఇంజిన్ కంటే బేగి అలిసిపోయేవి బ్రేకులు, ఆ తర్వాత టైర్లు. పైగా టర్బో లేని ఇంజిన్‌కి రీమ్యాప్ చేసి ఏం లాభం? టర్బో ఉంటే బూస్ట్, అంటే అది ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి, పెంచి బలం రాబట్టొచ్చు, ఇందులో పెంచడానికి బూస్టే లేదు. కోన్ ఫిల్టర్ సంగతీ అంతే. పెట్టెలోంచి వచ్చే చల్లగాలి మానేసి, బానెట్ కింద కాగిన గాలి పీలుస్తుంది. చప్పుడు పెరుగుతుంది గానీ, వేడిగాలిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి లాగుడు పెరగదు.

ఇంకో మాట. పోటీల్లో సాధారణంగా సీసీని బట్టి, కారుని ఎంత మార్చారన్నదాన్ని బట్టి తరగతులుంటాయి. ఇంజిన్‌లో ఒక్క ముక్క మార్చినా, పూర్తిగా రేసుకే కట్టిన కార్ల పక్కన నిలబెట్టేయొచ్చు. ఏది కొనాలన్నా ముందు ఆ పోటీ నిబంధనల కాగితం చదువు.

ముందుగా కారుని జాకీ మీద ఎత్తి, స్టాండ్లు పెట్టి కింద చూడు. జాకీని నమ్మి కింద దూరకు. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందా, అది వీల్ బేరింగో బాల్ జాయింటో. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలిందా, స్టీరింగుని చక్రానికి కలిపే టై రాడ్ ఎండు. లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు పగిలిందేమో, యాక్సిల్ బూటు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడు. మన పక్క కార్లకి తుప్పు జబ్బు ఎక్కువ. కళింగపట్నం, భీమిలి అంటూ సముద్రం ఒడ్డున తిప్పిన కారైతే స్ప్రింగు కూర్చునే చోటు, బ్రేకు పైపులు, ప్యాడ్లని డిస్కుకి ఒత్తే కాలిపర్ పిన్నులు మరీ జాగ్రత్తగా చూడు. వీటిలో ఏ ఒక్కటి వదులుగా ఉన్నా చక్రాల అలైన్‌మెంటు నిలవదు, మిగతా ఖర్చంతా వృథా.

ఇక బ్రేకులు. ఇక్కడ కాసింత నిదానంగా చదువు.

బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ అది మరిగే వేడి పడిపోతుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. మన సముద్రపు గాలిలో రెండేళ్ళు ఉన్న ఆయిలు ఏ అంకె దగ్గర ఉంటుందో నువ్వే ఊహించుకో. ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నలుగుతుంది, ఆయిలు నలగదు. కాబట్టి పెడలు నేలకి దిగిపోతుంది గానీ కారు ఆగదు.

మంచి కంపెనీ డాట్ 4 అరలీటరు సీసాలు రెండు కొను. మూత తీసిన పాత సీసా వాడొద్దు. డాట్ 5 అని రాసి ఉన్నది పొరపాటున కూడా పోయకు, అది సిలికాన్ జాతి, దీంతో కలవదు. ఆయిలు మార్చడానికి ఇద్దరు కావాలి: ఒకరు పెడలు తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర నిపిల్ (ఆయిలు వదిలే చిన్న మర) తిప్పి, పాత ఆయిలుని పైపుతో సీసాలోకి వదలాలి. మాన్యువల్‌లో వేరే వరస రాసి ఉంటే అదే పాటించు. లేకపోతే పెడలు నొక్కితే ఆయిలుని తోసే మాస్టర్ సిలిండర్‌కి దూరమైన వెనక ఎడమతో మొదలెట్టి వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. నిపిల్ తుప్పుపట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచు, మర్నాడు రింగు స్పానర్‌తోనే తిప్పు. డబుల్ ఎండు స్పానర్ పెడితే అంచులు అరిగి, నిపిల్ విరిగి కాలిపర్‌లోనే ఉండిపోతుంది. పైపు కొస సీసాలో ఆయిలులో మునిగే ఉండాలి, పైన ఆయిలు పోసే డబ్బా ఎప్పుడూ సగానికి దిగకూడదు. పెడలు తొక్కేవాడికి ఒక మాట చెప్పు: పూర్తిగా నేలదాకా తొక్కొద్దని. పాత మాస్టర్ సిలిండర్‌లో రోజూ వాడని కొసన తుప్పు పేరుకుని ఉంటుంది, సీలు అక్కడిదాకా వెళితే కోసుకుపోతుంది. పెడలు కింద చిన్న చెక్కముక్క పెట్టేస్తే ఏ గొడవా ఉండదు. ఆయిలు పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్ళతో కడుగు, లేకపోతే రంగు ఊడొస్తుంది.

ప్యాడ్లు 5 మిల్లీమీటర్లకి తక్కువుంటే ట్రాక్‌కి పనికిరావు. పల్చటి ప్యాడు వేడిని ఆపలేక నేరుగా పిస్టన్‌కి, అక్కణ్ణించి ఆయిలుకి పంపేస్తుంది. కొత్తవి వేసేటప్పుడు కాలిపర్ పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు రాయి. పిన్ను బిగుసుకుంటే ఒకవైపు ప్యాడే అరిగి డిస్కు కాగిపోతుంది. వేసిన రోజే గట్టిగా తొక్కకు. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, ఒకే తూకంగా తగ్గించు. తర్వాత బ్రేకు ముట్టకుండా ఐదారు కిలోమీటర్లు తోలి చల్లారనివ్వు.

ట్రాక్ మీద తేడా వస్తే కాలికే తెలుస్తుంది. పెడలు స్పాంజిలా మెత్తబడితే ఆయిలు మరిగింది. పెడలు గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడు కాగింది. రెండింటికీ అప్పటికి మందు ఒకటే, బేగి పక్కకి జరిగి నెమ్మదిగా తోలుతూ చల్లార్చడం. చల్లారాక ప్యాడు చాలావరకు కోలుకుంటుంది, మరిగిన ఆయిలుని మాత్రం మళ్ళీ మార్చాల్సిందే. లోపలికొచ్చి ఆపాక హ్యాండ్ బ్రేకు లాగకు. నీ కారుకి వెనక డ్రమ్ము బ్రేకులు, కాగిన డ్రమ్ముకి లోపలి బ్రేకు షూలు అతుక్కున్నాయంటే చల్లారేటప్పుడు డ్రమ్ము ఒంకరపోతుంది. గేరులో ఉంచి, చక్రం కింద ఇటుక పెట్టు.

టైర్ల దగ్గరికొద్దాం. నీ వీఎక్స్ఐ రకానికి వచ్చేవి 165/80 ఆర్14 (వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు). సన్నవి, పక్కగోడలు ఎత్తు. మలుపులో గోడ మడతపడి కారు ఆలస్యంగా తిరుగుతుంది. పై రకం జెడ్ఎక్స్ఐకి వచ్చే 185/65 ఆర్15 వ్యాసం దాదాపు 620 మిల్లీమీటర్లు, నీ 14 అంగుళాలదీ అంతే. 195/60 ఆర్15 వేస్తే 615, ఒక్క శాతమే తేడా. నా ఓటు దానికే. 195/55 ఆర్15 అయితే 595కి దిగుతుంది. కారు 12 మిల్లీమీటర్లు కిందకొస్తుంది, గేర్లు కాస్త పొట్టివై లాగుడు చురుగ్గా ఉంటుంది. కానీ మీటరు 100 చూపిస్తే నువ్వు పోయేది 96. పైగా మన స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతుంది.

రిమ్ములు కొనేటప్పుడు 15 అంగుళాలు, 6 అంగుళాల వెడల్పు, 4 బోల్టులు, 100 పీసీడీ (బోల్టులు కూర్చునే వలయం వ్యాసం, మిల్లీమీటర్లలో) అని అడుగు. మధ్య కన్నం 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అల్లాయ్‌ల కన్నం తరచుగా అంతకంటే పెద్దది, మధ్యలో సరిపడే రింగు వేయించకపోతే 90 దాటాక స్టీరింగు వణుకుతుంది. షాపువాడు బ్యాలెన్సింగు మీద బ్యాలెన్సింగు చేస్తూనే ఉంటాడు, వణుకు పోదు. నట్లు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, చక్రం నేలకి తగిలాక ఎదురెదురుగా, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగించు. ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంది. ఎయిర్ గన్‌తో బిగిస్తానంటే ఒప్పుకోకు. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడు.

గాలి సంగతిలో చాలామంది తప్పటడుగు వేస్తారు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు పట్టిన గాలి, టైరు సుమారు ఆరున్నర డిగ్రీలు వేడెక్కితే 1 పీఎస్ఐ పెరుగుతుంది. నాలుగు రౌండ్లకి టైరు 40 డిగ్రీలు పైకి వెళితే 6 పీఎస్ఐ పెరిగినట్టే. కాబట్టి చల్లగా ముందు 32, వెనక 34తో మొదలెట్టు. రాగానే, కాగి ఉండగానే కొలువు. టైరు భుజం మీద, నడిచే భాగం నుంచి పక్కగోడ మీదికి సుద్దముక్కతో మూడుచోట్ల గీత గియ్యి. సుద్ద ఎక్కడిదాకా చెరిగిందో చూడు. పక్కగోడ మీది చిన్న త్రికోణం గుర్తు దాటి చెరిగితే గాలి తక్కువ, గుర్తుకి చాలా పైనే ఆగితే గాలి ఎక్కువ. వెనక 2 పీఎస్ఐ ఎక్కువ ఎందుకంటే ముందు చక్రాలు లాగే కారు మలుపులో ముక్కుతో తిన్నగా పోతుంటుంది, వెనక పట్టు కాస్త తగ్గితే సులువుగా తిరుగుతుంది. వానలో మాత్రం ఈ తేడా తీసెయ్యి. తడిరోడ్డు మీద మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలేస్తే తోక ముందుకొచ్చేస్తుంది.

అలైన్‌మెంటుకి విశాఖ ఆటోనగర్ దాకా వెళ్ళినా దండగ కాదు. స్ట్రట్ (ముందు చక్రాన్ని మోసే స్ప్రింగు, డ్యాంపరు స్తంభం) అడుగున ఉండే రెండు బోల్టుల్లో ఒకదానికి క్యాంబర్ బోల్టు వేయించి, ముందు చక్రాలకి మైనస్ ఒకటిన్నర డిగ్రీల క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలేలా, అడుగు. ఎడమా కుడీ సమానంగా రావాలి. ముందు క్యాంబర్, ఆ తర్వాతే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన తేడా). వరస మారితే చేసిన టో మళ్ళీ పోతుంది. టో సున్నా పెట్టించు. "పచ్చగీతలో ఉంది సార్" అంటే ఊరుకోకు, అంకెల కాగితం చేతికి తీసుకో.

కారుని కిందకి దించడానికి స్ప్రింగులు కోయించుకోవద్దు. ఇందులో బేరాల్లేవు. కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదు, డ్యాంపరు (షాక్ అబ్జార్బరు) పాతదే కాబట్టి ఎగురుడు ఆపలేదు, గుంటలో బంప్ స్టాప్ అనే అడ్డు రబ్బరుకి కొట్టుకున్న క్షణంలో టైరు పట్టు వదిలేస్తుంది. దించాలంటే 25 మిల్లీమీటర్లు దాటకుండా, డ్యాంపర్‌తో కలిపి సెట్‌గా కొను. ఈ ఏడాది మాత్రం అదీ వద్దు.

ఇంజిన్‌కి చేయాల్సింది పోషణే. 5డబ్ల్యూ-30 ఆయిలు, డిప్‌స్టిక్ మీద పై గీత దగ్గర ఉంచు. పొడుగు మలుపుల్లో ఆయిలు పక్కకి పోయి పంపు గాలి పీలిస్తే బేరింగులు పోతాయి. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. రేడియేటర్ రెక్కలు ఉప్పుగాలికి పొడైపోయాయేమో వేలితో తాకి చూడు. అన్నట్టు ఈ ఇంజిన్‌కి టైమింగ్ చెయినే, బెల్టు మార్చాలని ఎవడైనా డబ్బడిగితే నవ్వి వచ్చెయ్యి.

బరువు తగ్గించడం ఊరికే వస్తుంది. ట్రాక్‌కి చేరాక స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మతో సహా అన్నీ తీసి బయట పెట్టు. ట్యాంకు 42 లీటర్లు, నిండా కొట్టిస్తే ముప్పై కిలోల పైమాటే. సగం చాలు, పావుకి దిగితే మాత్రం మలుపులో పెట్రోలు అందక ఇంజిన్ తడబడుతుంది.

హెల్మెట్ ముఖమంతా కప్పేది తీసుకో, ఏ ప్రమాణం అడుగుతారో నిబంధనల్లోనే ఉంటుంది. నూలు బట్టలు, పల్చటి అడుగున్న బూట్లు. సీటు ఎంత ముందుకంటే, క్లచ్ పూర్తిగా తొక్కినా ముడుకు కాస్త వంగే ఉండాలి, వీపు సీటుకి ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైకొసకి తగలాలి. కంపెనీ సీటుకి నాలుగు పాయింట్ల హార్నెస్ వేసుకోకు, గుద్దుకుంటే మనిషి దాని కిందనుంచి జారిపోతాడు. మామూలు బెల్టునే చురుగ్గా లాగి లాక్ చేసి, సీటు ఒక పన్ను ముందుకి జరుపు, గట్టిగా పట్టుకుంటుంది.

ఎక్కడ తోలాలన్నావు. జాతీయ రహదారి మీద మాత్రం కాదురా. రణస్థలం దాటితే గేదెలు, ఎదురొచ్చే ఆటోలు, పంటల కాలంలో రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం. యజమాని అనుమతితో ఏదైనా సిమెంటు మైదానం చూసుకుని, 15 మీటర్లకొక కోన్ పెట్టి ఎనిమిది కోన్ల మధ్య వంకరలు తిప్పు. రెండో గేరు చాలు. టైరు సన్నగా మూలిగితే సరిగ్గా ఉన్నట్టు, గీపెడితే స్టీరింగు ఎక్కువ తిప్పావని. అప్పుడు ఇంకా తిప్పకు, కాస్త వెనక్కి వదులు, పట్టు తిరిగొస్తుంది. తక్కువ బలం ఉన్న కారులో ఉన్న మజా ఇదే, 50లో కూడా టైరు హద్దు చేతికి తెలుస్తుంది. ఆ పైన చెన్నై. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, చుట్టు 3.7 కిలోమీటర్లు. లేదా కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, 2 కిలోమీటర్ల పైచిలుకు. చెన్నైకే మనకి దాదాపు 900 కిలోమీటర్లు, మళ్ళీ అదే కారులో ఇంటికి రావాలి. అందుకే రోడ్డు టైర్లే అంటున్నాను. స్టెప్నీ, అదనపు ప్యాడ్లు, ఒక సీసా బ్రేకు ఆయిలు డిక్కీలో పెట్టుకుని బయల్దేరు. పోటీలకి ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశపు మోటార్ రేసుల సంఘం) లైసెన్సు గురించి నిర్వాహకులని ముందే అడుగు.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకు, రేసుకీ స్పీడు పరీక్షకీ మామూలు పాలసీ వర్తించదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలూ పడొచ్చు. ఫ్రీ ఫ్లో ఎగ్జాస్టు వేసుకుని గంటస్తంభం దగ్గర తిరిగితే నీ సంగతి నువ్వే పోలీసులకి చాటుకున్నట్టు.

పైడితల్లమ్మ జాతరకి ఎలాగూ వస్తాను. ఈలోగా ప్యాడ్ల మందం, టైర్ల మీది తయారీ వారం అంకె, డిస్కు అంచు మీద అచ్చేసిన కనీస మందం, ఈ మూడూ రాసి పంపు. ఏం కొనాలో జాబితా వేసి పెడతాను. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు, అమ్మకి నమస్కారాలు.

నీ
సూరి