బరువు కట్టేవాడికి ఎవరు నేర్పుతున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పని చేసే చోట బరువు మీద పడి ఎవరైనా చనిపోతే వార్తల్లో ఎప్పుడూ ఒకే మాట కనిపిస్తుంది, ‘ప్రమాదవశాత్తూ తాడు తెగి’ అని. ఇరవై ఏళ్లకు పైగా వర్క్‌షాపుల్లో మెయింటెనెన్స్ పని చేసినవాడిని, ఆ మాట చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. తాడు దానంతటదే తెగదండీ. చాలాసార్లు అది తెగేలా కట్టి ఉంటారు, కట్టినవాడికి ఎలా కట్టాలో ఎవరూ నేర్పి ఉండరు.

క్రేన్ నడిపే ఆపరేటర్‌కి ఎంతోకొంత ట్రైనింగ్ ఉంటుంది, సర్టిఫికెట్ ఉందా అని అడుగుతారు కూడా. కింద నిలబడి స్లింగ్ (బరువుని క్రేన్ హుక్‌కి కట్టే బెల్టు లేదా తాడు) తగిలించేవాడు మాత్రం ఆ పూట ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లే. ‘నువ్వెళ్లి కాస్త బెల్టు వెయ్యి’ అంటారు, అంతే. బరువు ఎంతో, అది ఎక్కడ పట్టుకుంటే ఒరగకుండా నిలుస్తుందో, బెల్టు ఎంత మోస్తుందో తెలియనివాడి చేతిలో అందరి ప్రాణాలూ పెడుతున్నాం. ఆపరేటర్ ఎంత నేర్పరి అయినా కింద కట్టు తప్పయితే అతను పైనుంచి చేయగలిగింది ఏమీ లేదు.

నేను పనిచేసిన ఒక చోట గేర్‌బాక్స్ మారుస్తున్నాం. బరువు టన్ను లోపే, ఒక్కొక్కటి టన్ను మోసే బెల్టులు రెండు, ఇంకేం భయం అనుకున్నాం. బెల్టులు పొట్టివి, తగిలించే చోట్లు దూరంగా ఉన్నాయి, దాంతో రెండూ బాగా పక్కలకు సాగిపోయాయి. పదునైన అంచు దగ్గర మెత్తగా ఏమీ పెట్టలేదు. అడుగున్నర లేచిందో లేదో ఒక బెల్టు కోసుకుపోయింది, గేర్‌బాక్స్ ఒరిగి పడి హెల్పర్ కుర్రాడి పాదం నుజ్జయింది. బెల్టు వెయ్యమని ఆ అబ్బాయిని పంపింది నేనే. కోణం సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు.

ఆ లెక్క తర్వాత తెలుసుకున్నాను. 1,000 కిలోల బరువుని రెండు స్లింగులు నిట్టనిలువుగా మోస్తే ఒక్కోదాని మీద 500 కిలోలు పడుతుంది. రెండింటి మధ్య కోణం 60 డిగ్రీలయితే 577 కిలోలు, 90 అయితే 707, 120 డిగ్రీలకి ఒక్కోదాని మీదా 1,000 కిలోలు! 150 దాకా సాగదీస్తే ఒక్కో స్లింగు 1,900 కిలోలకు పైగా లాగుతోంది, కింద ఉన్న బరువు మాత్రం అదే టన్ను. రెండు బెల్టులు వేస్తే రెట్టింపు బలం అనుకునే మనిషికి ఇది మాటల్లో చెబితే ఎక్కదు. పది కిలోల నీళ్ల బకెట్‌ని రెండు స్ప్రింగ్ త్రాసులకి తగిలించి, ఇద్దరు మనుషుల చేత రెండు పక్కలకీ లాగించండి. ముల్లు ఐదు దగ్గర మొదలై, వాళ్లు దూరం జరిగేకొద్దీ పది దాటిపోతుంది. చూసినవాడు జన్మలో మర్చిపోడు, దానికి పట్టేది పది నిమిషాలు.

మన దగ్గర జరుగుతున్న ట్రైనింగ్ ఏమిటంటే ఒక గదిలో కూర్చోబెట్టి గంటసేపు తెర మీద బొమ్మలు చూపించడం, బయటికి పోయేటప్పుడు రిజిస్టర్‌లో సంతకం తీసుకోవడం. ఆ సంతకం ప్రమాదం జరిగిన రోజు కార్మికుడి మీదకే తిరుగుతుంది, ‘మేం నేర్పాం, అతనే పాటించలేదు’ అని. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

బరువు కట్టడం చేతులతో నేర్చుకునే పని. స్లింగ్ మీద లేబుల్ చదివించాలి, లేబుల్ లేని స్లింగ్‌ని పక్కన పడేయించాలి. చాలా బెల్టులకి ఊదా రంగు టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు అని రంగుల లెక్క ఉంటుంది గానీ ఎండకీ మురికికీ రంగు పోతుంది, తయారు చేసిన ప్రతివాళ్లూ అదే రంగు వాడాలనీ లేదు, కాబట్టి నమ్మాల్సింది లేబుల్‌నే. ఉచ్చులా బిగించి ఎత్తితే స్లింగ్ మోసే శక్తి దాదాపు ఐదో వంతు తగ్గుతుందని చెప్పాలి. తీగలు తెగిన వైర్ రోప్‌నీ, నోరు తెరుచుకున్న హుక్‌నీ, కోత పడ్డ బెల్టునీ చేతికిచ్చి తప్పు ఎక్కడుందో వాళ్ల చేతే వెతికించాలి. ఐబోల్టుని, అంటే బరువు ఎత్తడానికి బిగించే రింగు తల బోల్టుని, పక్కకి లాగితే ఎంత బలహీనమవుతుందో కూడా. ఎత్తేముందు నాలుగంగుళాలు లేపి ఆపి, ఒరుగుతోందా, జారుతోందా అని చూడటం అలవాటు చేయించాలి. అడుగు లోపు ఒరిగితే దించి మళ్లీ కట్టుకోవచ్చు, పైకి పోయాక ఆ వీలుండదు. ఊగే బరువుని చేత్తో పట్టుకోకుండా గైడ్ తాడుతో తిప్పడం కూడా ఇందులోదే.

సైగలు ఒక్కడే చేయాలి, కానీ ‘ఆపు’ అనే సైగ ఎవరు చేసినా ఆపరేటర్ ఆపేయాలి. ఇది అందరికీ తెలిసిన నియమమే. కానీ నిన్న చేరిన హెల్పర్ చెయ్యెత్తితే సీనియర్ ఆపరేటర్ ఆపుతాడా? ఆపినందుకు సూపర్‌వైజర్ అరవకుండా ఉంటాడా? అందుకే ఆ ట్రైనింగ్‌లో సూపర్‌వైజర్లు కూడా కూర్చోవాలంటాను, ముందు వరసలో.

సరుకు ఎత్తి మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండి సంగతి ఒక్క ముక్క. కూర్చుని నడిపే ఫోర్క్‌లిఫ్ట్ పక్కకి ఒరిగితే దూకెయ్యాలనిపిస్తుంది, దూకినవాడి మీదే ఆ బండి పడుతుంది. సీటు బెల్టు పెట్టుకుని సీట్లోనే ఉండి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, పడుతున్న వైపుకి కాకుండా రెండో వైపుకి వాలాలి. ఆ రెండు సెకన్లలో ఆలోచించే టైమ్ ఉండదు కాబట్టి ముందే ఒంటికి పట్టి ఉండాలి.

దీనికంతా పని ఆపి ఒక పూట కేటాయించాలి, ప్రొడక్షన్ పోతుంది అంటారు. మా గేర్‌బాక్స్ పడిన రోజు నుంచి ఆ లైన్ ఎన్ని రోజులు ఆగిందో నాకు తెలుసు. ఆ కుర్రాడు మళ్లీ మామూలుగా నడవలేదు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఈసారి ఇలాంటి వార్త రాసేటప్పుడు మీ విలేకరులు యాజమాన్యాన్ని రెండు ప్రశ్నలు అడగాలి: ఆ బరువు కట్టింది ఎవరు, అతనికి కట్టడం ఎవరు, ఎప్పుడు నేర్పారు? జవాబు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ సంగతి వార్తలో రాయండి.

ఇట్లు
ఒక మెయింటెనెన్స్ ఫోర్‌మన్